గీత పడకుండా

మీ ఇంటికి మొట్టమొదటి సైకిలు వచ్చిన రోజు మీకు జ్ఞాపకం ఉందా? ఉండే ఉంటుంది. మోటారు సైకిలు కొన్న రోజును మరచిపోయినవాళ్లు ఉన్నారు గాని, సైకిలు కొన్న రోజును మరచిపోయినవాళ్లు మన పల్లెల్లో తక్కువ.

మా ఇంటికి వచ్చినది నల్లరంగు సైకిలు. ఇరవైనాలుగు అంగుళాల ఫ్రేము, కడ్డీల బ్రేకులు, వెనుక గట్టి క్యారియరు. కంపెనీవారు ఫ్రేముకు చుట్టి పంపిన ఖాకీ కాగితాన్ని షాపు మేస్త్రి విప్పబోతే మా నాన్నగారు చెయ్యి పట్టుకుని ఆపారు. "ఉండనీవయ్యా, అదేం తింటుంది?" అన్నారు. ఆ కాగితంతోనే సైకిలు ఇంటికి వచ్చింది. ఆ వచ్చే ఆదివారం పూజ అయ్యాక గుడి ముందు నిలబెడితే ఫాదరుగారు ప్రార్థన చెప్పి తీర్థజలం చిలకరించారు. ఆయన అటు తిరిగారో లేదో, నాన్నగారు పైపంచె అంచుతో ఆ నీటిచుక్కలన్నీ గబగబా తుడిచేశారు. తుప్పు పడుతుందని! చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఫాదరుగారు కూడా చూశారేమో, చూడనట్టే వెళ్లిపోయారు.

ఆ కాగితం నూనె పీల్చి, దుమ్ము పట్టి, పేలికలు పేలికలుగా ఊడిపోయేదాకా అలాగే ఉంది. కాగితం కింద ఉన్న రంగు మెరుపును మేము చూసింది ఎన్నడో గాని లేదు.

ఇంత చిన్న సంగతి ఈ శీర్షికలో ఎందుకు అని మీరు అడగవచ్చు. దీనిలో నన్ను చాలా ఏళ్లుగా వదలని ప్రశ్న ఒకటి ఉంది. మన వస్తువును మనం ఎంతవరకు కాపాడుకోవాలి? ఎక్కడికి వచ్చేసరికి ఆ కాపాడుకోవడమే తప్పవుతుంది? డబ్బు గురించి, బంగారం గురించి, భూమి గురించి ప్రసంగాలు మనం చాలా విన్నాం. కాని మనలో ఎక్కువమందికి దాచుకునేటంత బంగారం లేదు. మన పరీక్ష అంతా గొడుగు, టార్చిలైటు, సైకిలు వంటివాటి దగ్గరే జరుగుతుంది.

నా సొంత సైకిలు నేను 1979లో కొన్నాను. ఉద్యోగం వచ్చిన కొత్త. గుంటూరు జిల్లాలో, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక పల్లెలో బడిపంతులును. బడికి, అద్దె ఇంటికి మధ్య నాలుగు కిలోమీటర్లు. నెలనెలా కొంత దాచి కొన్నదేమో, దాని మీద చీమ పాకినా నాకు తెలిసేది. తండ్రి బుద్ధి కొడుక్కు రాక ఎక్కడికి పోతుంది? ఆయన కాగితం ఉంచితే నేను ఇంకో అడుగు ముందుకు వేశాను. కరెంటు పనివాళ్లు వాడే నల్లటి టేపు చుట్టలు నాలుగు తెచ్చి ముందు బారు మొదలు సీటు కింది గొట్టం దాకా సందు లేకుండా చుట్టాను. పైన ఎర్రటి, పచ్చటి ప్లాస్టిక్ పట్టీతో అల్లిక. మడ్‌గార్డులకు రబ్బరు అంచు. సీటుకు కుచ్చుల కవరు. పిల్లలు బడి గంట కొట్టగానే వచ్చి ఆ సైకిలును చూసేవారు. ముట్టుకోవడానికి మాత్రం ఎవరికీ ధైర్యం లేదు.

మా పక్క వీధిలో మట్టిపనికి వెళ్లే ఒకాయన ఉండేవాడు. 1980 వర్షాకాలంలో ఒక రాత్రి, తొమ్మిదో పదో అయి ఉంటుంది, వచ్చి తలుపు కొట్టాడు. ఏడేళ్ల కూతురికి మూడు రోజులుగా జ్వరం, ఆ సాయంత్రం నుంచి మాట తడబడుతోంది. "మాస్టారండీ, సైకిలు ఒక్కసారి ఇస్తే ముందు కడ్డీమీద కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోతాను. తెల్లారేసరికి తెచ్చిస్తా" అన్నాడు. ఆస్పత్రి ఎనిమిది కిలోమీటర్లు. దారి బురద. నా కళ్లముందు ఆ బురద, ఆ చీకటి, గోతిలో పడిన సైకిలు, ఊడిన టేపు కనబడ్డాయి. పిల్ల కనబడలేదు. అది నేను ఇవాళ ఒప్పుకోవాలి.

"టైరులో గాలి లేదయ్యా, పంక్చరయింది" అన్నాను.

అతను "సరేనండి" అని వెళ్లిపోయాడు. పిల్లను భుజాన వేసుకుని ఆ ఎనిమిది కిలోమీటర్లు నడిచాడు. దేవుని దయవల్ల పిల్ల బ్రతికింది. పది రోజులుండి తిరిగివచ్చింది. కాని మరునాడు పొద్దున ఏం జరిగిందంటే, నేను మామూలుగా సైకిలెక్కి బడికి పోతున్నాను. అతను ఆస్పత్రి నుంచి బట్టలకోసమని నడిచి వస్తూ ఎదురయ్యాడు. నా చక్రాలవైపు ఒక్కసారి చూశాడు. "నమస్కారం మాస్టారూ" అన్నాడు. దాటి వెళ్లిపోయాడు. అప్పటినుంచి మా ఇంటికి దేనికీ వచ్చి అడగలేదు.

పాపసంకీర్తనంలో ఆ మాట చెప్పాను. "అబద్ధమాడాను ఫాదర్" అన్నాను. సైకిలు సంగతి చెప్పలేదు. అబద్ధం ఒక్కటే పాపమన్నట్టు!

సైకిలు సంగతి 1984లో బయటపడింది. ఓవరాయిలింగుకని షాపులో ఇచ్చాను. మేస్త్రి బేరింగులు మార్చి, ఫ్రేము కడుగుదామని టేపు విప్పాడు. విప్పుతుంటే టేపుతోబాటు రంగు కూడా పొరలు పొరలుగా లేచి వచ్చింది. దాని కింద ఎర్రటి తుప్పు. బారు అడుగుభాగంలో వేలితో రుద్దితే పొడి రాలింది. "ఇదేంటి మాస్టారూ, చుట్టకుండా వదిలేసి ఉంటే ఇంతకాలానికి నాలుగు గీతలు పడేవి, అంతేగా!" అన్నాడు ఆ మేస్త్రి. నాకు నోట మాట రాలేదు.

దేవుడు నన్ను శిక్షించాడని మీరు అనుకోవద్దు. నేనూ అనుకోలేదు. అది తేమ చేసిన పని. పిల్లకు జ్వరం వచ్చిన రాత్రికీ ఆ తుప్పుకూ ఏ సంబంధం లేదు. అడిగినవాళ్లందరికీ సైకిలు ఇచ్చి ఉన్నా, టేపు అలాగే ఉంచితే తుప్పు అలాగే పట్టేది. ఇటువంటి విషయాల్లో తొందరపడి ముడిపెట్టడం దేవుని మీద నింద వేయడమే అవుతుంది.

అయితే ఆ తుప్పు ఎలా పట్టిందో తెలుసుకుంటే సైకిలున్న ప్రతి ఇంటికీ పనికివస్తుంది. ఇనుముకు తుప్పు పట్టాలంటే గాలిలోని ప్రాణవాయువు, నీరు రెండూ కావాలి. ఉప్పు తోడైతే పని మరీ వేగంగా జరుగుతుంది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, మన చెమటలో ఉప్పు ఉంటుంది. బయట ఉన్న ఫ్రేము మీద వానపడితే ఎండకు, గాలికి ఆరిపోతుంది. టేపు కింద చేరిన తడి ఆరదు. టేపు అంచులో సన్నని సందు చాలు, నీరు లోపలికి పోతుంది, బయటికి రాదు. ఇనుముకన్న తుప్పుకు ఎక్కువ చోటు కావాలి కాబట్టి అది రంగును కిందినుంచి ఎత్తుతుంది. ఎత్తిన రంగు కిందికి మరింత నీరు పోతుంది. ఇంత జరుగుతున్నా పైనుంచి చూసేవారికి నిగనిగలాడే టేపే కనబడుతుంది.

దిల్లీలో మెహ్రౌలీ ఇనుప స్తంభం గురించి మీ పిల్లలు పాఠాల్లో చదివే ఉంటారు. పదహారు వందల ఏళ్లనాటిది. దానిలో భాస్వరం ఎక్కువగా ఉండటంవల్ల, తడవడం ఆరడం తడవడం ఆరడం జరిగి జరిగి దాని ఒంటిమీద సన్నని రక్షణపొర ఏర్పడిందని కాన్పూరు ఐ.ఐ.టి.లో పనిచేసిన ఆర్. బాలసుబ్రహ్మణ్యంగారు పరిశోధించి చెప్పారు. గాలికి, ఎండకు విడిచిన భాగం నిలిచింది. భూమిలో కప్పబడిన భాగానికి మాత్రం తుప్పు పట్టింది. మన సైకిలు ఇనుము అటువంటి ఇనుము కాదు, రంగు లేకుండా వదిలేస్తే ఒక్క వర్షాకాలం కూడా ఆగదు. అయినా కప్పిన చోటే కుళ్లిందన్న మాట నాకు మనసులో గుచ్చుకుంది.

ఇంతకూ చుట్టడమే తప్పా? ఈ ప్రశ్నకు నాకు జవాబు చెప్పినవాడు పాలు పోసే మా ఊరి పెద్దాయన. ఆయన సైకిలు మీరు చూడవలసింది. రెండుపక్కలా రెండేసి పాలక్యాన్లు, తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరేది. ఫ్రేము నిండా గీతలు. కాని క్యాను కొక్కెం ఎక్కడ ఒరుసుకుంటుందో సరిగ్గా అక్కడ, తాడు ఎక్కడ బిగుస్తుందో అక్కడ, హేండిలు పూర్తిగా తిరిగినప్పుడు బ్రేకు కడ్డీ ఎక్కడ తగులుతుందో అక్కడ, పాత ట్యూబును బెత్తెడు ముక్కలుగా కోసి చుట్టేవాడు. మిగిలిన ఫ్రేమంతా ఖాళీ. తొలకరికి ముందు ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి ఆ ముక్కలు విప్పి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, కాస్త కొబ్బరినూనె రాసి మళ్లీ చుట్టేవాడు. రంగు పోయి ఇనుము తేలిన చోట గరుకు కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడు పూసి, అది ఆరాక ఏ రంగు దొరికితే ఆ రంగు వేసేవాడు. అందువల్ల ఆ సైకిలు నలుపు, నీలం, ఒకచోట ఆకుపచ్చ. నా సైకిలు కంటే అయిదారేళ్లు పాతది. నా బారు పొడి రాలుతుంటే ఆయన బారు మీద మనవడు కూర్చుని బడికి వచ్చేవాడు.

నా ఫ్రేము సంగతి ఆయనకు చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఒరుసుకునే చోట చుట్టాలి మాస్టారూ. ఒళ్లంతా చుడితే అది ఇక సైకిలెందుకు?" అన్నాడు.

ఆ మాటను నేను చాలాసార్లు తిప్పితిప్పి ఆలోచించాను. పనిలో వచ్చే ఒరిపిడి నుంచి వస్తువును కాపాడటం ఒకటి. పని నుంచే దాన్ని కాపాడటం మరొకటి. పాలాయన చేసింది మొదటిది. ఆయన ఫ్రేమే ఆయన అన్నం. దాన్ని ఆయన నిర్లక్ష్యం చేస్తే భార్యాబిడ్డలను నిర్లక్ష్యం చేసినట్టే. నేను చేసింది రెండోది. నా సైకిలు నన్ను బడికి తీసుకుపోవడం తప్ప ఇంకే పనీ చేయకూడదని, అది కూడా దుమ్ము లేని రోజైతే మేలని నా కోరిక.

పాలాయన ఎవరడిగినా ఇచ్చేవాడా అంటే, ఇచ్చేవాడు కాదు. "పొద్దున ఎనిమిది దాకా అడగొద్దు. ఆ తరువాత ఎవరికైనా సరే" అనేవాడు. ఎనిమిది లోపల ఇస్తే నలభై ఇళ్లలో పిల్లలకు పాలుండవు. కాదనడం కూడా ఒక్కొక్కప్పుడు ధర్మమే. కాని ఆయన కాదన్నప్పుడు కారణం చెప్పేవాడు, అబద్ధం చెప్పేవాడు కాదు.

వస్తువులను జాగ్రత్తగా చూడటాన్ని మన పెద్దలు ఎన్నడూ చులకన చేయలేదు సుమా. ఆరో శతాబ్దంలో పునీత బెనెడిక్టు తన మఠవాసులకు రాసిన నియమావళిలో, మఠం కొట్టు చూసే సన్యాసికి ఒక అధ్యాయమే కేటాయించారు. అది ముప్పై ఒకటో అధ్యాయం. మఠంలోని పారలు, గిన్నెలు, సామానంతా బలిపీఠం మీది పాత్రలతో సమానంగా చూసుకోవాలని అందులో ఉంది. తరువాతి అధ్యాయంలో, పనిముట్లను మురికిగా, నిర్లక్ష్యంగా వాడినవాణ్ణి మందలించాలని ఉంది. ఇదంతా మా నాన్నగారికి చదివి వినిపించి ఉంటే ఎంత సంతోషించేవారో! అయితే అదే ముప్పై ఒకటో అధ్యాయంలో, ఆ కొట్టు చూసేవాడు పిసినారి కాకూడదని కూడా ఉంది. అడిగినవాడికి ఇవ్వడానికి ఏమీ లేకపోతే కనీసం మంచిమాట ఇచ్చి పంపాలని ఉంది. నా దగ్గర ఇవ్వడానికి సైకిలు ఉంది. మంచిమాట కూడా ఇవ్వలేదు.

1274లో మరణించిన పునీత తోమాసు అక్వీనాసు ఈ ప్రశ్నను ఇంకా సూటిగా పట్టుకున్నారు. మనిషి ఒక వస్తువును తనదని చెప్పుకోవచ్చునా అని తన పెద్ద గ్రంథంలో ప్రశ్న వేసుకుని, చెప్పుకోవచ్చునని, అందుకు ఒక కారణం మనిషి అందరిదైన దానికంటే తనదైన దాన్ని ఎక్కువ శ్రద్ధగా చూసుకోవడమని జవాబిచ్చారు. ఇది ఎంత నిజమో తెలియాలంటే మన పట్టణాల్లో గంటకు ఇంత అని సైకిళ్లు అద్దెకిచ్చిన రోజులను తలచుకోండి. మడ్‌గార్డు మీద తెల్లరంగుతో నంబరు, వదులైన పెడలు, ఒకవైపుకు లాగే హేండిలు. గంట తొక్కి గోడకు కొట్టి వచ్చేవాళ్లమే గాని ఒక్కరమైనా దానికి చుక్క నూనె వేశామా? కాబట్టి సొంతమన్నది వస్తువుకే మేలు. అంతవరకు నాన్నగారు, నేను, మీరు అందరం సురక్షితంగా ఉన్నాం. కాని అక్వీనాసుగారు అక్కడితో ఆగలేదు. సంపాదించడం, చూసుకోవడం నీదే గాని వాడకం దగ్గరికి వచ్చేసరికి దాన్ని అందరిదిగా ఎంచి, అవసరంలో ఉన్నవాడితో పంచుకోవడానికి సిద్ధంగా ఉండాలన్నారు. తుడిచే బాధ్యత నాది, ఎక్కే హక్కు నా ఒక్కడిది కాదు. ఈ రెండు భాగాలనూ కలిపి పట్టుకోవడం చాలా కష్టం. శ్రద్ధ ఉన్నవాడికి ఇవ్వడానికి చెయ్యి రాదు. ఇచ్చేవాడికి తరచుగా శ్రద్ధ ఉండదు.

మట్టిపని చేసే ఆయనకు నేను క్షమాపణ చెప్పడానికి పదకొండేళ్లు పట్టింది. ఆ జ్వరం పిల్ల పెళ్లికి 1991లో నన్ను పిలిచాడు. అప్పటికి నాకు వేరే ఊరు బదిలీ అయింది. భోజనాలయ్యాక పందిరి పక్కన కూర్చున్నప్పుడు, "ఆ రాత్రి టైరులో గాలి ఉందయ్యా" అన్నాను. మరో మాట రాలేదు.

"నాకు ఆ రాత్రే తెలుసు మాస్టారూ" అన్నాడు. "వెళ్లిపోతూ మీ అరుగు పక్కన టైరు నొక్కి చూశా."

"మరి తిరిగి వచ్చి అడగలేదేం?"

అతను కొంచెం ఆలోచించి, "సైకిలు మీది గదండీ" అన్నాడు.

వెటకారం కాదు. అతని గొంతులో కోపం కూడా లేదు. అతను అలాగే నమ్మాడు. ఉన్నవాడిది ఉన్నవాడిదే, లేనివాడు నడవాలి అని. ఇన్నేళ్ల తరువాత కూడా నాకు నిద్ర రాని రాత్రి వినబడేది నా అబద్ధం కాదు, ఆ మాట.

ఇక మన ఇళ్లలో పిల్లల విషయం ఒకటి చెప్పాలి. కొత్త వస్తువు మీద గీత పడిన రోజు ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. "కళ్లు కనబడటం లేదా?" అని మొదలై వీపుమీద దెబ్బతో ముగుస్తుంది. నా కొడుకు తొమ్మిదో తరగతిలో ఉండగా, తరువాత కొన్న సైకిలును గుడి గోడకు ఆనించబోయి కింద పడేశాడు. సీటు కింది గొట్టం మీద రంగు లేచి ఇనుము కనబడింది. నా సంగతి ఎరిగినవాడు గనుక ఏం చేశాడంటే, దానిమీద ఒక బొమ్మ స్టిక్కరు అంటించాడు. బాగుంది గదా అని నేను కూడా మెచ్చుకున్నాను! ఏడాది తరువాత స్టిక్కరు అంచునుంచి ఎర్రటి చార కారుతుంటే తీసి చూశాను. అదే తుప్పు, అదే కథ. పడిన రోజే చెప్పి ఉంటే గరుకు కాగితం, ఒక బొట్టు రంగు సరిపోయేవి. వాడు దాచింది నా భయంతో. వాణ్ణి తిట్టడానికి నోరు తెరిచాను గాని ఏమని తిట్టను?

మీ పిల్లలు మీకు గీత పడిందని వచ్చి చెప్పగలరా? ఈ ఒక్క ప్రశ్న మీ ఇంట్లో మీరే వేసుకోండి. గీతల్లో కూడా తేడాలున్నాయి. రంగు పైపొర మీద పడిన గీత ఏ హానీ చేయదు, దాన్ని వదిలేయవచ్చు. ఇనుము తేలిన గీతను ఆ వారంలోనే పూడ్చాలి. ఫ్రేము గొట్టాలు కలిసే అతుకు దగ్గర వెంట్రుక మందాన పగులు కనబడితే మాత్రం సైకిలు ఎక్కనేకూడదు, మేస్త్రికి చూపించాలి. కోపం వచ్చినవాడికి ఈ మూడింటికీ తేడా తెలియదు. అన్నింటికీ ఒకే కేక.

ఇప్పుడు నా మనవడి వంతు వచ్చింది. హైదరాబాదులో ఉద్యోగం, సెలవురోజుల్లో తొక్కడానికని గేర్ల సైకిలు కొన్నాడు. అల్యూమినియం ఫ్రేము, మా నల్ల సైకిలులో సగం బరువు కూడా లేదు. ఫ్రేముకు గీతలు పడకుండా పారదర్శకమైన ఫిల్ము తెప్పించాడు. హెలికాప్టరు రెక్కల అంచులను ఇసుక, రాళ్ల దెబ్బనుంచి కాపాడటానికి ఇటువంటి ఫిల్మును వాడేవారట, అందుకే సైకిలు తొక్కేవాళ్లు దీన్ని హెలికాప్టరు టేపు అంటారట. పోయిన వేసవిలో నేను వాళ్లింట్లో ఉండగా ఇద్దరం కూర్చుని అంటించాం. సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, జిడ్డు పోయేలా స్పిరిటు గుడ్డతో తుడిచాడు. ఫిల్మును ముక్కలుగా కోసి, సబ్బునీళ్లు చల్లి, మధ్యనుంచి అంచులకు బొటనవేలితో నొక్కుతూ నీళ్లు, బుడగలు బయటికి తోశాం. ఎక్కడెక్కడ అంటించాడో చూసి నాకు పాలాయన గుర్తుకొచ్చాడు. బ్రేకు తీగలు ముందు గొట్టానికి ఒరిసే చోట, చైను ఎగిరి కొట్టే వెనుక కడ్డీమీద, ముందు చక్రం రాళ్లు చిమ్మే కింది గొట్టం మీద, బూటు మడమ తగిలే చోట. అంతే. "మిగతాదంతా?" అన్నాను పరీక్షగా. "మిగతాదానికి ఏం తగులుతుంది తాతయ్యా?" అన్నాడు.

ఈ ఫిల్ములో నాకు నచ్చింది ఏమిటంటే, కింద ఏముందో కనబడుతుంది. అంచుల్లో మట్టి చేరుతుంది, అప్పుడప్పుడు తుడవాలి, పసుపు రంగు తిరిగితే మార్చాలి. కాని మా నల్లటేపులా మోసం చేయదు.

ఆ సైకిలు ఖరీదు చెబితే మీరు నమ్మరు కాబట్టి చెప్పను. నాకు లోపల భయం ఏమిటంటే, ఇంత ఖరీదైనది గనుక వీడు నా దారి పడతాడేమోనని. నా కథంతా వాడికి చెప్పాను, టైరు నొక్కి చూసిన సంగతితో సహా. వాడు విని ఏమీ అనలేదు. ఈ కాలపు పిల్లలు విన్నారో లేదో కూడా తెలియదు.

నెల క్రితం ఫోను చేశాడు. వాళ్ల అపార్టుమెంటు వాచ్‌మన్ కొడుకు, ఇంటర్ చదివే కుర్రాడు, పరీక్షల రోజుల్లో బస్సు దొరక్క ఆలస్యమవుతున్నదంటే వారం రోజులు సైకిలు వాణ్ణే తీసుకుపొమ్మన్నాడట. మూడో రోజు ఆ కుర్రాడు గేటుకు గీరుకున్నాడు. ఫిల్ము లేని చోటే గీరుకుంది, అలాగే జరుగుతుంది మరి. సాయంత్రం వచ్చి "అన్నా, గీత పడింది, ఇదిగో" అని వాడే చూపించాడట.

"తాతయ్యా, దీనికి రెడ్ ఆక్సైడు వేయాలా?" అని అడిగాడు మనవడు.

"అది ఇనుముకురా. అల్యూమినియానికి ఎర్రతుప్పు పట్టదు. శుభ్రంగా తుడిచి, ఆ రంగుకు దగ్గరగా ఉన్న గోళ్లరంగు ఏదైనా ఉంటే ఒక పూత వెయ్యి" అన్నాను.

వాళ్లమ్మ దగ్గర నీలిరంగు సీసా ఒకటి దొరికిందట. ఆ కుర్రాడే కూర్చుని పూశాడట. మెరుపు కాస్త ఎక్కువైందన్నాడు.